ఇరవై రెండో గంటు

హార్బరు గేటుకి ఎదురుగా, ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని
మా మోటారు వైండింగు కొట్టు.
వార్నిషు వాసనా చేపల వాసనా
గుమ్మంలో రోజూ గొడవపడతాయి,
ఏదీ నెగ్గదు.

మేకుకి వేలాడుతుంది తాతాజీ మేస్త్రి గేజీ బిళ్ళ.
అరచేతంత ఉక్కు చక్రం, అంచు చుట్టూ గంట్లు.
పనిలో చేరిన మొదటి వారం అడిగాను:
"నెంబరు పెరిగితే తీగ లావవ్వాలి కదండీ?"
"అవ్వదు. సన్నబడుతుంది."
బీడీ ఆరిపోయేదాకా ఇంకేం చెప్పలేదు.
తరవాత చెప్పాడు,
పూర్వం రాగి కడ్డీని చిల్లులోంచి లాగేవారట,
ఆపైన ఇంకాస్త చిన్న చిల్లులోంచి,
ఎన్నిసార్లు లాగితే ఇంచుమించు అంత నెంబరు.
"ఇరవై రెండంటే అన్నిసార్లు ఈడ్చారన్నమాట, నూకరత్నం.
లెక్క లావుది కాదు, లాగుడుది."

నాకు అప్పటికి ఇరవై రెండే.
నవ్వేశాను గాని, ఆ రాత్రి గాజువాక బస్సులో
నన్నెవరెవరు ఎన్ని చిల్లుల్లోంచి లాగారో
వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను.
పన్నెండు దగ్గర కండక్టరు చిల్లర అడిగాడు.

మా అమ్మ పూర్ణా మార్కెట్లో కనకాంబరాలు అమ్మేది.
పొట్టి చెయ్యి ఆమెది.
మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి
కొసన ఇంకో బెత్తెడు వదిలేది.
అయినా కొందరు పొడుగు చేతుల వదినగారిని
వెంటబెట్టుకొచ్చేవారు,
"ఈవిడ మూరతో కొలువమ్మా" అని.

షిప్‌యార్డు నుంచి ఒకసారి పరాయి ఓడ పంపు మోటారు వచ్చింది.
కాగితం మీద ఇరవై రెండు.
నేనూ ఇరవై రెండే చుట్టాను.
ఇంకా ఇరవై చుట్లుండగానే గాడి నిండిపోయింది.
వెదురు పుల్లతో నెట్టాను,
లోపలి కాగితం చిరిగింది, రాగి లొంగలేదు.
మేస్త్రి వాళ్ళ పాత చుట్టలోంచి ఓ ముక్క తెంపి
గోటితో పూత గీకి, కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని
"ఇది అమెరికా ఇరవై రెండే. మనం వాడేది బ్రిటీషోడిది" అన్నాడు.
ఒకటే అంకె, రెండు ఒళ్ళు.
పాడైన తీగ ఖరీదు నా జీతంలో కోశాడు.
వారం తరవాత సగం తిరిగిచ్చాడు,
ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు డబ్బాల మీద మిల్లీమీటర్లు.
సున్నా పాయింటు ఏడు ఒకటి ఒకటి.
తప్పు పట్టడానికేం లేదు.
నోట్లో కూర్చోదు, అంతే.

గరికిన పోలరాజుకి సముద్రం బారల్లో తెలుసు.
తాడుకి సీసం గుండు కట్టి వదిలి
చేతులు చాచి చాచి లాక్కుంటూ లెక్కపెడతాడు.
భీమిలికి ఎదురుగా ఆ రాతిగుట్ట దగ్గర
ఎప్పుడూ పద్దెనిమిది బారలే.
మొన్న చలికాలం కుడి భుజం పట్టేసింది.
ఇప్పుడదే చోట పంతొమ్మిదిన్నర.
"సంద్రం లోతైపోనాదే పిల్లా" అంటాడు.
నవ్వుతున్నాడో లేదో మీసం చెప్పదు.

ఈమధ్య నాకో అనుమానం.
బిళ్ళ మీద గంట్లన్నీ తుప్పు పట్టాయి,
ఇరవై రెండోది మాత్రం తళతళలాడుతోంది.
ముప్పై ఏళ్ళుగా దూరిన తీగలు
దాన్ని కాస్త కాస్త అరగదీశాయి.
కొంచెం నొక్కితే ఇరవై ఒకటి కూడా పడుతోంది.
మేస్త్రికి చెప్పలేదు.
చూపు మందగించాక ఆయన నమ్మేది ఆ బిళ్ళనే.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తీగని దొర్లించి
నా లెక్క నేను తేల్చుకున్నాక
ఆయన చూస్తుండగా గంట్లో పెడతాను.
"సరిపోయిందా?"
"సరిపోయిందండి."

పోలరాజు మోటారు ఇవాళ సాయంత్రం తిరిగింది.
తడి సంచీ విప్పి కానాగంతలు
బల్ల మీద, రాగి ముక్కల పక్కనే పోశాడు.
"ఎన్నున్నాయేటి?" అన్నాను.
"కుప్ప" అన్నాడు.